మధుమేహ చికిత్సలో వ్యాయామం, ఆక్సీకరణ ఒత్తిడి: ఒక చారిత్రక పరిశీలన

మధుమేహానికి వ్యాయామం మందు అన్న మాట ఆధునిక వైద్యం కొత్తగా కనిపెట్టింది కాదు. కొత్తది, దానిని గురించి ఇరవయ్యో శతాబ్ది చివరి భాగంలో తలెత్తిన సందేహం. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు రక్తనాళాలు, మూత్రపిండాలు, కంటిపొర దెబ్బతినడానికి ఆక్సీకరణ ఒత్తిడి ఒక ముఖ్యకారణమని ఒకవైపు ఆధారాలు పోగయ్యాయి. పనిచేసే కండరం కూడా అదే ఒత్తిడిని పుట్టిస్తుందని మరొకవైపు తేలింది. రోగికి మేలుచేసే శ్రమే హానికర పదార్థాలను ఎందుకు పుట్టిస్తున్నది? ఈ ప్రశ్న రూపుదిద్దుకొన్న తీరును, దానికి దొరికిన సమాధానం ఎంతవరకు నిలుస్తుందన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సుశ్రుతుడు చెప్పిన నడక

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలోని పదకొండవ అధ్యాయం ప్రమేహాన్ని రెండుగా విభజించింది. పుట్టుకతో వచ్చేది సహజం, అపథ్యం వలన వచ్చేది అపథ్యనిమిత్తజం. మొదటి రోగి కృశించి, దాహంతో, తక్కువ తింటూ తిరుగుతుంటాడు. రెండవవాడు స్థూలకాయుడు, ఎక్కువ తినేవాడు, పరుపును, ఆసనాన్ని, నిద్రను వదలనివాడు. వీరిని నేటి టైప్ 1, టైప్ 2 రోగులతో సరిగ్గా జతచేయడం తొందరపాటే అవుతుంది. రక్తంలోని చక్కెరను కొలిచే వీలులేని కాలమది. పైగా ప్రమేహమనే పేరు కింద ఇరవై రకాలను ప్రాచీనులు లెక్కించారు.

అయినా అందులోని చికిత్స విశేషమైనది. వ్యాధి ముదిరినవారికి వ్యాయామం, మల్లయుద్ధం, ఏనుగు గుర్రపు స్వారీలు, నడక చెప్పి, ఆ తరువాత రోగి స్థితిగతులను కూడా గ్రంథం లెక్కలోకి తీసుకొంటుంది. ధనం, బంధువులు లేనివాడు చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక రాత్రి చొప్పున నిలుస్తూ నూరు యోజనాలో అంతకు మించో నడవాలి. ధనవంతుడు చామలు, నివ్వరి ధాన్యం, ఉసిరి, వెలగ పండ్లు తింటూ గోవుల వెంట తిరగాలి. మరికొందరు పొలం దున్నాలి, లేదా బావి తవ్వాలి. ఇక్కడ వ్యాయామమంటే రోజులో ఒక గంట పని కాదు, బ్రతుకుతీరే మారడం. ఆ వెంటనే, కృశించిన రోగిని మాత్రం ఎల్లప్పుడూ కాపాడుకోవాలన్న హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరిక విలువ ఇన్సులిన్ వచ్చిన తరువాత గాని పూర్తిగా బోధపడలేదు.

గుర్రపు పెదవి నుండి కణద్వారం దాకా

మూత్రంలోని తీపి చక్కెర వల్లనేనని 1776లో మాథ్యూ డాబ్సన్ చూపాడు. ఫ్రెంచి వైద్యుడు అపొలినేర్ బుషార్దా 1870-71 నాటి పారిస్ ముట్టడిలో, తిండి కరువైన రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం గమనించాడు; ఆహారనియమంతో పాటు శరీరశ్రమకు చికిత్సలో ప్రధానస్థానం ఇచ్చాడు. శ్రమ ఎందుకు పనిచేస్తుందన్నదానికి తొలి ఆధారం మాత్రం గుర్రం పెదవిలో దొరికింది. మేత నమిలే గుర్రపు పైపెదవి కండరంలోకి పోయే రక్తాన్ని, బయటికి వచ్చే రక్తాన్ని 1887లో షోవో, కాఫ్‌మన్ పోల్చి చూశారు. పనిలో ఉన్న కండరం చక్కెరను మరింతగా తీసుకొంటున్నది.

1922లో ఇన్సులిన్ వైద్యంలోకి వచ్చింది. తానే మధుమేహ రోగి, ఇన్సులిన్ వల్ల బ్రతికినవాడు అయిన ఆర్. డి. లారెన్స్, వ్యాయామం ఇన్సులిన్ ప్రభావాన్ని పెంచుతుందని 1926లో నిరూపించాడు. ఇన్సులిన్ బొత్తిగా లేని శరీరంలో కఠినశ్రమ చక్కెరను తగ్గించకపోగా పెంచవచ్చునని కూడా క్రమంగా తెలిసింది. కృశించిన రోగి విషయంలో ప్రాచీనుల జాగ్రత్త ఇక్కడ గుర్తుకు వస్తుంది.

కండరం శక్తిని ఎలా ఖర్చుచేస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో తెలుగువాడు ఒకడున్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించాడు. కండరంలోని ఏటీపీని వేరుచేయడంలోనూ ఆయన పాత్ర ఉంది. శ్రమలో ఏటీపీ తరిగినప్పుడు కణంలో పుట్టే సంకేతమే గ్లూట్-4 అనే చక్కెర వాహకాన్ని కణపు పొర మీదికి చేర్చే మార్గాలలో ఒకటి. దీనికి ఇన్సులిన్ అనుమతి అక్కరలేదు.

ఆక్సిజన్ రెండు ముఖాలు

ఆక్సిజన్ విషప్రభావానికి ఫ్రీ రాడికల్స్ కారణమని రెబెకా గెర్ష్‌మన్ బృందం 1954లో ప్రతిపాదించింది. అలసిపోయేదాకా పరుగెత్తించిన ఎలుకల కండరాలలో, కాలేయంలో ఇవి రెండు మూడు రెట్లు పెరుగుతాయని 1982లో డేవిస్ బృందం చూపింది. ఆక్సీకరణ ఒత్తిడి అన్న భావనకు 1985లో హెల్మట్ సీస్ నిర్వచనం ఇచ్చాడు. అధిక చక్కెర మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్‌ను పెంచడమే మధుమేహ దుష్ఫలితాలన్నిటికీ ఉమ్మడి మూలమని 2001లో మైకేల్ బ్రౌన్‌లీ వాదించాడు. ఇంతవరకు వచ్చాక యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగడమే మేలన్న ఆలోచన సహజం. కాని 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో, 9 వేలకు పైగా రోగులున్నా, విటమిన్ ఇ గుండెజబ్బులను తగ్గించలేదు.

అసలు మలుపు 2009లో జర్మనీలో జరిగిన ప్రయోగం. మైకేల్ రిస్టో బృందం 39 మంది ఆరోగ్యవంతులైన యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చింది. మాత్రలు వేసుకోనివారిలో ఇన్సులిన్‌కు శరీరం స్పందించే గుణం మెరుగుపడింది. వేసుకొన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. శరీరం తనంతట తాను తయారుచేసుకొనే రక్షక ఎంజైముల పెరుగుదల కూడా మాత్రల వల్ల ఆగిపోయింది. అంటే వ్యాయామం పుట్టించే కొద్దిపాటి ఒత్తిడి శత్రువు కాదు, కణాన్ని సిద్ధంచేసే సంకేతం. నిత్యం అధిక చక్కెర పుట్టించే ఒత్తిడి విడుపులేనిది. శ్రమ వల్ల కలిగేది కాసేపు ఉండి పోయేది. ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ రెంటి మధ్య ఇంత గందరగోళం ఏర్పడిందనడం న్యాయం.

ఈ ఫలితాన్ని తుదితీర్పుగా తీసుకోవడం కూడా సరికాదు. 2011లో డెన్మార్క్‌లో యఫాంటి బృందం పన్నెండు వారాల శిక్షణతో చేసిన ప్రయోగంలో, విటమిన్లు తీసుకొన్నా వ్యాయామ ఫలితం తగ్గలేదు. మోతాదులు, కాలవ్యవధి, శిక్షణ తీరు వేరు కాబట్టి రెంటినీ నేరుగా తూచలేము. రెండింటిలోనూ పరీక్షించినది పెద్ద మోతాదు మాత్రలనే గాని, సుశ్రుతుని ధనిక రోగి తిన్న ఉసిరికాయ వంటి ఆహారాన్ని కాదు. రెండింటిలోనూ పాల్గొన్నవారు ఆరోగ్యవంతులైన యువకులు; ఈ ప్రశ్న ఎవరికి అత్యవసరమో, ఆ నడివయసు మధుమేహ రోగి ఈ రెండు ప్రయోగాలలోనూ లేడు.