స్క్రీన్ ప్రింటింగ్ (వస్త్రాలపై)

స్క్రీన్ ప్రింటింగ్ అంటే చట్రానికి బిగించిన సన్నని జాలిగుడ్డ గుండా రంగును వస్త్రంపైకి నెట్టి బొమ్మను అచ్చువేసే పద్ధతి. దీని మూలాలు చైనాలో సాంగ్ వంశ కాలపు (960–1279) అద్దకాల్లో ఉన్నాయని చెబుతారు. పట్టుజాలితో అచ్చువేసే విధానానికి 1907లో ఇంగ్లండ్‌కు చెందిన శామ్యూల్ సైమన్ పేటెంట్ పొందాడు. ఇప్పుడు పట్టుకు బదులు పాలియెస్టర్ జాలి వాడుతున్నారు.

జాలిపై కాంతికి గట్టిపడే ఎమల్షన్ పూసి ఆరబెడతారు. నల్లని బొమ్మ ఉన్న ఫిల్మ్‌ను దానిపై ఉంచి కాంతి ప్రసరింపజేస్తారు. కాంతి తగిలిన చోట పూత గట్టిపడుతుంది. బొమ్మ నీడలో మెత్తగా మిగిలిన భాగం నీటితో కడిగితే పోయి, రంధ్రాలు తెరుచుకుంటాయి. రబ్బరు అంచున్న స్క్వీజీతో లాగినప్పుడు రంగు ఆ రంధ్రాల గుండానే దిగుతుంది. ప్రతి రంగుకూ విడి స్క్రీన్ కావాలి. వాటి అమరిక కొద్దిగా తప్పినా బొమ్మ అంచులు చెదురుతాయి. అందుకే పనితనమంతా ఈ అమరికలోనే తెలుస్తుంది. టీషర్టులపై వాడే ప్లాస్టిసాల్ రంగు గాలికి ఆరదు, సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే స్థిరపడుతుంది. నీటి ఆధారిత రంగులు నూలులోకి ఇంకి, తాకితే మెత్తగా ఉంటాయి.

కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీకి, అవే నమూనాలను తక్కువ ఖర్చుతో వేగంగా ముద్రించే స్క్రీన్ ప్రింట్లు గట్టి పోటీగా మారాయి.