ఉప్పునీటికీ మంచినీటికీ నడుమ అవనిగడ్డ

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుకు మళ్లుతుంది, మరొకటి నాగాయలంక వైపు దక్షిణంగా సాగుతుంది. ఈ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఒండ్రునేలే దివిసీమ. బడికీ సంతకీ కచేరీకీ దీవి జనం వచ్చే ఊరు అవనిగడ్డ. ఇక్కడి మార్పులన్నీ నీటితో వచ్చినవే.

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాకు కాలువలు పారాయి. మధ్యలో ఏటిపాయ అడ్డు ఉండడంతో దివికి మాత్రం ఆ నీరు అందలేదు. ఏరు కళ్లెదుటే పారుతున్నా రైతు మబ్బుకేసి చూడవలసి వచ్చేది. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో ప్రభుత్వం ఇక్కడ డీజిల్ ఇంజన్లు పెట్టి ఏటినీటిని తోడి పొలాలకు పెట్టింది. డీజిల్ ఇంజను అప్పటికి ప్రపంచానికే కొత్త. ఆ తర్వాత బ్రిటిషు హయాంలోనే పులిగడ్డ అక్విడెక్టు కట్టారు. దానితో కాలువ ఏటిపాయ మీదుగా దాటి దీవిలోకి వచ్చింది, మెట్టచేలు మాగాణి అయ్యాయి. 1977 ఉప్పెన జ్ఞాపకం చాటున పడిపోయింది గానీ, దివిసీమ బతుకును మొదట తిప్పింది ఈ కాలువే.

సముద్రం సంగతి వేరు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరును ముంచి వేల ప్రాణాలు తీసింది. నూటపదమూడేళ్లకు, 1977 నవంబరు 19 శనివారం, అదే ముప్పు దివిసీమ మీద పడింది. సార్వా వరి కోతకు వచ్చిన రోజులవి. తుపాను వస్తోందని తెలిసినవారు కూడా సముద్రమే ఊళ్ల మీదికి లేచి వస్తుందని అనుకోలేదు. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన అల సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీరపు ఊళ్లను తుడిచిపెట్టి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొరబడింది. తాటిచెట్టునో దూలాన్నో పట్టుకోగలిగినవారు బతికారు. చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ఉన్నారు. అందులో అధిక భాగం దివిసీమవారే. పశువులు పోయాయి, చెరువులూ బావులూ ఉప్పయ్యాయి, పొలాల్లో చవుడు పేరుకుంది. ఇప్పటికీ పెద్దవాళ్లు పెళ్లినీ పుట్టుకనీ ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే చెబుతారు.

తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. దేశం నలుమూలల నుంచీ సేవాసంస్థలు వచ్చాయి. స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయపనుల్లో జనం మధ్యే ఉన్నారు. ఆయనను ‘దివిసీమ గాంధీ’ అని పిలుచుకుంటారు. పూరిపాకల చోట పక్కా ఇళ్లు లేచాయి, తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు, కరకట్టలు వేశారు, తుపాను షెల్టర్లు కట్టారు. అన్నిటికంటే పెద్ద మార్పు జనం తీరులో వచ్చింది. వాయుగుండం అనే మాట రేడియోలో వినబడితే ఇల్లు వదలడం అలవాటైంది. 1990 మే 9న తీవ్రమైన తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటినా, ముందుగా లక్షన్నర మందికి పైగా తరలించడంతో రాష్ట్రం మొత్తం మీద మరణాలు వెయ్యి లోపే ఆగాయి. అదీ చిన్న నష్టం కాదు, కాని 1977తో పోలిస్తే దక్కిన ప్రాణాలెన్నో.

తర్వాత మార్పు చెరువుల రూపంలో వచ్చింది. 1990ల నుంచి తీరపు చవుటినేలల్లో రొయ్యల సాగు పెరిగింది. వరి పండని నేల డబ్బు పండించింది. కొన్నేళ్లకే తెల్లమచ్చ తెగులు చాలామందిని అప్పుల్లోకి నెట్టింది. 2009 తర్వాత వనామి రొయ్యతో సాగు మళ్లీ పుంజుకుంది. చెరువుల ఉప్పునీరు పక్క పొలాలకు ఊరుతుందన్న బాధ వరిరైతుది. శివారు ఆయకట్టుకు కాలువనీరు ఆలస్యమైన ఏడు ఆ బాధ రెట్టింపవుతుంది. కృష్ణ మీద ఎగువన ఆనకట్టలు పెరిగాక దిగువకు ఒండ్రు తగ్గింది, తీరం కొన్నిచోట్ల కోసుకుపోతోంది. ఉప్పును అడ్డుకునేది మంచినీరే కనుక కాలువ ఆగితే కరకట్ట ఒక్కటే చాలదు.

రాకపోకలూ మారాయి. 2006లో పులిగడ్డ–పెనుమూడి వారధి తెరుచుకోవడంతో రేపల్లె వైపు పడవ ప్రయాణం ముగిసింది. ఏటిమొగ దాటి ఎదురుమొండి దీవికి వెళ్లేవారికి మాత్రం పంటు మీద ఆధారపడక తప్పని రోజులు ఆ తర్వాతా చాలాకాలం సాగాయి.

ఇటీవల భయం సముద్రం నుంచి ఏటివైపుకు మళ్లింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది; 2024 సెప్టెంబరు 1న మొదలైన వరద 11.43 లక్షల క్యూసెక్కులతో దాన్నీ దాటింది. లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు మునిగాయి. అవనిగడ్డ చెంతనే ఉన్న ఎడ్లంకలో ఏరు గట్టును కోసుకుంటూ వచ్చి ఇళ్లను కలుపుకుంది. వరద వస్తే ఆ ఊరి రాకపోకల దారి మునుగుతుంది. అప్పుడు పాలు, మందులు, పిల్లల బడి అన్నీ పడవ మీదే.