రిపీటర్లు రాని గోదావరి అడవి

రిపీటర్ అంటే ఒకసారి తూటాలు నింపితే, ప్రతి కాల్పుకూ మళ్లీ దట్టించే పని లేకుండా, మీటను ఆడించిన కొద్దీ లోపలి గొట్టం నుంచో పెట్టె నుంచో కొత్త తూటా అరలోకి ఎక్కే తుపాకి. అమెరికా అంతర్యుద్ధం నాటి స్పెన్సర్, స్విట్జర్లాండ్ సైన్యపు 1869 వెటర్లీ, ఫ్రాన్సు వారి 1886 లెబెల్ ఈ కోవలోవి కాగా, నిజాం ఏలుబడిలోని ఖానాపురం హవేలికి తూర్పున, మద్రాసు ప్రెసిడెన్సీలోని భద్రాచలం అడవుల దాకా 1879లో రంప పితూరీ అనే కొండవాసుల తిరుగుబాటు పాకినప్పుడు ఏ పక్షం సైన్యం చేతిలోనూ ఇవి లేవు.

పితూరీ నాయకుడు ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగలబెట్టిన ఆ ఏడు, పితూరీ ఆ అడవుల్లోని రేకపల్లి దాకా పాకగా, దాన్ని అణచడానికి మద్రాసు పదాతి పటాలాలు ఆరింటితో పాటు నిజాం రాబడితో నడిచే హైదరాబాద్ కంటింజెంట్ దళమూ కదిలింది. 1857 తిరుగుబాటు తరువాత దేశీ సిపాయికి తెల్ల సోల్జరు కంటే ఒక తరం వెనుకటి తుపాకినే ఇవ్వాలన్నది సర్కారు విధానం: సోల్జరుకు మార్టిని-హెన్రీ అందినప్పుడు సిపాయికి స్నైడర్, అంటే మూతి నుంచి దట్టించే ఎన్‌ఫీల్డ్ వెనుక భాగాన్ని కోసి, పక్కకు తెరుచుకునే మూత బిగించిన ఒంటి తూటా తుపాకి దక్కింది, 1888లో ఆమోదం పొందిన, ఎనిమిది తూటాల మేగజీనున్న లీ-మెట్‌ఫర్డ్‌ను సోల్జరు పట్టాకనే మార్టిని సిపాయికి దిగింది. ఇది పొదుపు కాదు, అపనమ్మకం. కొండదొరలకైతే వత్తి తుపాకి కూడా 1878 ఆయుధ చట్టం కింద లైసెన్సుకు లోబడింది.

అందువల్ల ఈ నిజాం-మద్రాసు సరిహద్దున పాత సైనిక తుపాకులు సేకరించేవారు రిపీటర్‌ను ఎంత కోరినా, ఇక్కడి చరిత్రను చెప్పేది ఒంటి తూటా స్నైడరే. దాని పక్క పలకపై కిరీటం, విక్టోరియా రాణి పేరును సూచించే అక్షరాలు, తయారైన సంవత్సరం ఉంటాయి. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు తుపాకిని 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయిస్తుంది, పేలగలిగినదానికి లైసెన్సు తప్పదు. నూరేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధిస్తుంది. అటకపై అలాంటి తుపాకి ఉన్న కుటుంబాలు తుప్పు వదిలించే తొందరలో ఆ గుర్తులను అరగదీయకుండా, అది ఏ తాత చేతికి ఎలా వచ్చిందో రాసిపెట్టి, ఠాణాకూ పురావస్తు శాఖకూ తెలియజేయాలి.