గోంగ్ అంటే సున్న

బురైమి వచ్చిన కొత్తలో దుకాణం బిల్లులో గుండ్రంగా ఉన్న అంకె చూసి సున్న అనుకున్నాను. తీరా అది అయిదట! అరబ్బీలో సున్న అంటే ఒక చుక్కే. ఆ అంకెల్ని వాళ్లు 'హిందీ అంకెలు' అంటారు. సున్నకు వాళ్ల మాట 'సిఫ్ర్'. దానికీ మన శూన్యానికీ అర్థం ఒకటే, ఖాళీ.

మాతో పనిచేసిన కొరియా ఇంజనీరుగారు ఫోన్ నంబరు చెబుతూ సున్నను 'గోంగ్' అనేవారు. అది చైనా నుంచి కొరియాకు వెళ్లిన అక్షరం. పైభాగం గుహకు గుర్తు. కిందిభాగం 'గోంగ్' అని పలకాలని చెబుతుంది. ఖాళీ, బోలు, ఆకాశం దాని అర్థాలు. క్రీ.శ. 409లో కుమారజీవుడు నాగార్జునుడి మూలమధ్యమక కారికల్ని చైనా భాషలోకి తెచ్చినప్పుడు 'శూన్యం' ఈ అక్షరంగానే వెళ్లింది. మన నాగార్జునకొండది ఆ ఆచార్యుడి పేరే.

'లేదు' అనడానికి కొరియాలో 'ము' అనే అక్షరం వేరే ఉంది. శూన్యానికి మాత్రం గుహ ఉన్న అక్షరం నిలిచింది. గుహలో ఏమీ లేకపోయినా చోటుంటుంది కదా!

లెక్క చూసుకుంటే పరాయిదేశంలో నా ఏళ్లన్నీ సున్నే అనిపించిన రోజులున్నాయి. అప్పుడు చిన్నప్పటి బడి గుర్తొచ్చేది. శూన్యం నుంచి పుట్టిన ఆ సున్ననే మా పంతులుగారు 'నిండుసున్న' అని దిద్దించారు.