పాముకాటు: నమ్మకం నుంచి పరీక్షకు

పాము విషం ఎక్కడ ఉంటుంది? పదిహేడో శతాబ్దం నడిమి వరకు యూరపు పండితులకే ఈ విషయం తేలలేదు. పిత్తాశయంలో ఉంటుందని అనేకులు ప్రాచీన గ్రంథాలను చూపి వాదించేవారు. ఫ్లోరెన్సు రాజాస్థానంలో వైద్యుడైన ఫ్రాంచెస్కో రెడీ గ్రంథాలను పక్కన పెట్టి పాములను తెప్పించాడు. వాటి పిత్తాన్ని జంతువుల గాయాలకు పూస్తే ఏమీ కాలేదు. కోరల వద్ద ఊరే పసుపుపచ్చని ద్రవం గాయంలో పడితే మాత్రం చచ్చాయి. ఆ ద్రవాన్నే ఒక పాములవాడు అందరి ఎదుట తాగి నిక్షేపంగా ఉన్నాడు. (నోటిలో పుండు ఉన్నవారికి ఈ సాహసం ప్రాణాంతకం; ఎవరూ ప్రయత్నించవద్దు.) ఈ పరిశీలనలను రెడీ 1664లో ప్రచురించాడు.

అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1620లో, ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ మన బుద్ధి చేసే ఒక పొరపాటును పట్టి చూపాడు. అందుకు ఆయన ఒక పాత కథను ఉదాహరించాడు. ఓడ మునిగినా మొక్కు మొక్కి బతికిన వారి చిత్రాలను గుడిలో ఒకనికి చూపించి, ఇప్పటికైనా దేవుళ్ల మహిమ ఒప్పుకుంటావా అని అడిగారట. మొక్కి కూడా మునిగిపోయిన వారి చిత్రాలు ఎక్కడ ఉన్నాయని అతడు ఎదురు ప్రశ్న వేశాడు. మన పల్లెల్లో పాము మంత్రానికి ఉన్న పేరు ప్రతిష్ఠల రహస్యం ఇదే. మన చుట్టూ తిరిగే పాముల్లో అధికభాగం విషం లేనివి. విషసర్పం కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కదు. ఇలా బతికిన ప్రతి మనిషీ మంత్రగాడి ఖాతాలో చేరతాడు. పోయినవారిని మాత్రం ఎవరూ లెక్కించరు, ఆయువు తీరిందంటారు.

ఈ కొత్త పద్ధతిని మన కోస్తాకు తెచ్చిన వారిలో ముఖ్యుడు స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్. 1780లలో ఆయన విశాఖపట్నంలో ఉన్నాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. ఏది విషసర్పమో, ఏది కాదో సామాన్యుడు గుర్తించే మార్గం ఆయనకు కావాలి. పొట్ట కింది పొలుసులను లెక్కించాడు, దానితో తేలలేదు. కోరల నిర్మాణమే నమ్మదగిన గుర్తని తేల్చాడు. కుక్కలను, కోళ్లను పాములచేత కరిపించి లక్షణాలు రాసుకున్నాడు. ఆనాడు ప్రసిద్ధమైన, పాషాణం కలిసిన తంజావూరు మాత్రను సైతం పరీక్షకు పెట్టాడు.

1796లో అచ్చయిన ఆయన గ్రంథంలో నాకు నచ్చే విశేషం మరొకటి ఉంది. పాములకు తెలుగు పేర్లనే ఇచ్చాడు. నేడు ప్రపంచమంతా రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజరి అందులో ‘కాటుక రేకుల పొడ’. కట్లపాముల జాతికి శాస్త్రీయనామమైన ‘బంగారస్’ మన ‘బంగారు’ అన్న మాట నుంచే వచ్చింది.

రక్తపింజరి కాటుకు నేటికీ జరిపే ముఖ్య పరీక్ష రెడీ చూస్తే మెచ్చుకునేంత సరళమైనది. రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు పొడి గాజు గొట్టంలో తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. గడ్డకట్టక జారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే; వెంటనే విరుగుడు సీరం ఎక్కించాలి. గూడూరు చుట్టుపక్కల వరి కోతల కాలంలో వచ్చే కేసుల్లో రాత్రంతా కట్టు కట్టించుకుని తెల్లవారి చేరేవారు ఉండేవారు. అప్పటికి మూత్రపిండాలు దెబ్బతిని ఉండేవి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని అంచనా.

సీరం తయారీకి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరించి అందిస్తోంది. మన యానాదుల వలె వీరికీ పాముల జాడ తెలుసు. ఆ తెలివిని తోసిపుచ్చనక్కరలేదు. పాముల ఆనుపానులు తెలియడం వేరు, కాటుకు మందు తెలియడం వేరు.

ఈ సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకే పనిచేస్తుంది. వలలో చిక్కే సముద్రపు పాములను రస్సెల్ తన రెండో సంపుటంలో వర్ణించాడు. వాటి విషానికి మన దేశంలో తయారయ్యే సీరం ఇప్పటికీ పనిచేయదు. కాబట్టి మన మత్స్యకారులను అవి కరిస్తే, శ్వాసకు యంత్రసాయం అందించగల ఆసుపత్రికే నేరుగా తీసుకుపోవాలి.