పదకొండు మంది, ఒక బీరువా, ఒక డైరీ

ఈరోజు ఎపిసోడ్ పాస్‌వర్డ్ గురించి. మీ ఇన్‌స్టా పాస్‌వర్డ్ కాదు, ఆఫీసులో పది మంది కలిసి వాడే పాస్‌వర్డ్. ఇందులో ఏముంది అని స్క్రోల్ చేసేయకండి. 2023 మార్చిలో మన తెలంగాణలో లక్షల మంది రాసిన పరీక్షలు రద్దయినయి కదా, ఆ కథ కూడా ఇక్కడికే వస్తుంది.

ముందు నా సంగతి చెప్తా. బీటెక్ అయినాక నేను చేరిన మొదటి కంపెనీలో సర్వర్ పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండేవి. ఆ షీట్ వాట్సాప్ గ్రూప్‌లో ఉండేది. జాబ్ మానేసి పోయినవాళ్ళు కూడా ఆ గ్రూప్‌లోనే ఉన్నారు, ఎవరూ తీసేయలేదు. ఒకరోజు రాత్రి డేటాబేస్‌లో ఒక టేబుల్ మొత్తం డిలీట్ అయింది. ఎవరు చేశారని లాగ్ తీసి చూస్తే 'అడ్మిన్' అని ఉంది. ఆ అడ్మిన్ ఎవరంటే, మేం పద్నాలుగు మందిమి! తెల్లారేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

ఇదేం కొత్త రోగం కాదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ కథ 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేలా ఫెర్నాండో కార్బాటో టీమ్ సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ కట్టింది. ఎవరి ఫైళ్ళు వాళ్ళకే ఉండాలని మనిషికో పాస్‌వర్డ్ ఇచ్చారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడికి వారానికి ఇచ్చిన 4 గంటల టైమ్ సరిపోలేదు. ఏం చేశాడు? పాస్‌వర్డ్ ఫైల్‌ను ప్రింట్ తీయమని శుక్రవారం రాత్రి కంప్యూటర్‌కు ఒక పంచ్ కార్డు పెట్టి పోయాడు. శనివారం పొద్దున వచ్చి కాగితం తీసుకున్నాడు, అంతే! 1966లో ఇంకా పెద్ద కామెడీ జరిగింది. రెండు ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాళ్ళకూ ఆరోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి.

1979లో ఆది షమీర్ అనే గణిత శాస్త్రవేత్త రహస్యాన్ని ఎలా పంచుకోవాలన్న దాని మీద ఒక చిన్న పేపర్ రాశాడు. అది ఒక లెక్కతో మొదలవుతుంది. పదకొండు మంది సైంటిస్టులు, ఒక బీరువా. కనీసం ఆరుగురు ఉంటేనే బీరువా తెరుచుకోవాలి. మామూలు తాళాలతో అయితే ఎన్ని కావాలో తెలుసా? 462 తాళాలు, ఒక్కొక్కరి జేబులో 252 తాళంచెవులు! షమీర్ దీన్ని గణితంతో తేల్చేశాడు. రహస్యాన్ని ముక్కలు చేసి పంచాలి, కావల్సినన్ని ముక్కలు కలిస్తేనే అది బయటికి రావాలి, ఒక్క ముక్క తక్కువైనా ఏమీ తెలియకూడదు.

మనవాళ్ళకు ఈ ఆలోచన కొత్తేం కాదండి. బ్యాంకులో క్యాష్ ఉండే గది ఒక్కరి తాళంచెవితో తెరుచుకోదు, ఇద్దరు రావాలి. ట్రెజరీలో 'డబుల్ లాక్' అనే మాట ఎప్పటి నుంచో ఉంది. పదో తరగతి ప్రశ్నపత్రాల కట్టలు సీలు వేసి పోలీస్ స్టేషన్‌లో పెడతారు. మా హుజూర్‌నగర్‌లో పరీక్షల టైమ్‌లో మీరూ చూసే ఉంటారు. కాగితానికి ఇంత కాపలా ఉంది. అదే ప్రశ్నపత్రం కంప్యూటర్‌లోకి పోయాక?

ఇప్పుడు టీఎస్‌పీఎస్సీ దగ్గరికి వద్దాం. 2023 మార్చి 12న జరగాల్సిన టౌన్ ప్లానింగ్ పరీక్షను ముందురోజు వాయిదా వేశారు. మొదట్లో కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయన్నారు. అందరం ఏ రష్యావాడో, చైనావాడో అనుకున్నాం. పోలీసులు తవ్వితే తేలింది వేరు. కమిషన్ సిబ్బందే నిందితులుగా అరెస్టయ్యారు. కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఒక డైరీలో రాసి ఉంటే వాటిని చూసి లోపలికి పోయారని పోలీసులు చెప్పారు. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది, నేను తీర్పు ఇవ్వట్లేదు. నా ప్రశ్న వేరు. ఒక్క పాస్‌వర్డ్ తెలిస్తే అన్ని పేపర్లూ ఎందుకు తెరుచుకోవాలి? రెండో తాళం ఏది?

మార్చి 5న జరిగిన ఏఈ పరీక్ష రద్దయింది. మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్, ఏఈఈ, డీఏఓ కూడా రద్దయ్యాయి. ఆ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న జరిగింది, 503 పోస్టులకు. రాసింది రెండున్నర లక్షలకు పైనే.

మళ్ళీ నా కంపెనీకి వస్తా. ఆ రాత్రి తర్వాత సెక్యూరిటీ లీడ్‌గా ఒక మేడమ్ వచ్చింది. మొదటి రోజే ఎక్సెల్ షీట్ తీసేయించింది. పాస్‌వర్డ్‌లన్నీ ఒక వాల్ట్‌లో పెట్టించింది. అది తెరవాలంటే ఎవరి లాగిన్ వాళ్ళదే, పైన ఫోన్‌కు వచ్చే కోడ్ వేరే. ఎవరు, ఎప్పుడు, ఏ పాస్‌వర్డ్ చూశారో పేరుతో సహా రాసి ఉంటుంది. పేమెంట్ సర్వర్‌లోకి పోవాలంటే ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి. ఎవరైనా జాబ్ మానేస్తే వాళ్ళను వాల్ట్ నుంచి తీసేస్తే చాలదు. వాళ్ళు అప్పటిదాకా చూసిన ప్రతి పాస్‌వర్డ్ మార్చాలి, ఎందుకంటే చూసింది మెదడులోంచి డిలీట్ అవ్వదు కదా. వాల్ట్ కూడా పనిచేయని రోజు కోసం ఒక పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు వేసిన కవర్‌లో లాకర్లో పెట్టించింది. ఆ లాకర్‌కు ఇద్దరి తాళంచెవులు కావాలి. కాగితం తప్పు కాదన్నమాట. ఎవరి చేతికైనా అందేలా పెట్టడం తప్పు.

నిజం చెప్తున్నా, అప్పుడు ఆమె మీద మాకు మస్తు కోపం. ప్రతిదానికీ పర్మిషనా అని తిట్టుకునేవాళ్ళం.

గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణాలతో సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. నా రూమ్మేట్ ఒకడు మూడుసార్లూ రాశాడు. మొదటిసారి రాసినప్పుడు వాడికి పెళ్ళి కాలేదు. మూడోసారి సెంటర్ బయట వాడి బిడ్డను ఎత్తుకొని నిలబడ్డది నేనే.