ఆకును చూచి వేరును చెప్పిన పిల్లలు

నేను చదువుకొన్న బడిలో విజ్ఞానశాస్త్రానికని ఒక బీరువా ఉండెడిది. అద్దాల తలుపుల వెనుక గాజు కుప్పెలు, ఒక త్రాసు, ఒక అయస్కాంతం కనిపించెడివి. తాళపుచెవి మాత్రం ప్రధానోపాధ్యాయుల సొరుగులో ఉండెడిది. ఏదైనా పగిలితే లెక్క చెప్పుకోవలసి వచ్చునన్న భయంతో ఆ తాళం ఎవరూ తీసెడివారు కారు. ఉపాధ్యాయులు 'ఉద్దేశము, పరికరములు, విధానము, ఫలితము' అని నల్లబల్లపై వ్రాసెడివారు. మేము వాటిని ఎత్తి వ్రాసుకొనెడివారము. ఫలితం ప్రతిసారీ సరిగానే వచ్చెడిది. చేయని ప్రయోగం తప్పిపోదు గదా!

ఈ అనుభవం నా ఒక్కరిదే కాదు. శ్రోతలలో అనేకులకు ఇటువంటి బీరువా ఒకటి జ్ఞాపకం ఉండియే తీరును. ఆ తాళం తీయుటకు మన దేశంలో జరిగిన ఒక పెద్ద ప్రయత్నం కథను ఈనాడు ముచ్చటించుకొందము.

పిల్లలు శాస్త్రాన్ని విని కాక, చేసి నేర్చుకోవలెనన్న ఆలోచన క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలోనే ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయన శాస్త్రవేత్త, విద్యార్థిని సత్యం కనుగొనే వాని స్థానంలో నిలుపవలెనని వాదించి, ఆ పద్ధతికి 'హ్యూరిస్టిక్' అన్న పేరును ప్రచారంలోనికి తెచ్చినాడు. 1957లో రష్యావారు స్పుత్నిక్‌ను ఆకాశానికి పంపిన తరువాత అమెరికాలోను, 1962 నుండి నఫీల్డు సంస్థ సహాయంతో ఇంగ్లండులోను శాస్త్రబోధనను సంస్కరించే పనికి వేగం హెచ్చినది. అయితే ఆ ప్రయత్నాలు చాలవరకు ప్రయోగశాలలు గల బడులను దృష్టిలో ఉంచుకొని సాగినవి. ప్రయోగశాల మాట అటుంచి, సరియైన గదులైనా లేని పల్లెటూరి బడిలో ఇది సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లా. నర్మదానది ఒడ్డున గల ఆ జిల్లాను ఇప్పుడు నర్మదాపురం అని పిలుచుచున్నారు.

1972లో అక్కడ రెండు స్వచ్ఛంద సంస్థలు కలసి పని ప్రారంభించినవి. ఒకటి రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరు. రెండవది కిశోర్ భారతి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఉద్యోగం విడిచి గ్రామసీమకు వచ్చిన శాస్త్రవేత్త అనిల్ సద్గోపాల్ కిశోర్ భారతికి మూలపురుషుడు. రాష్ట్ర ప్రభుత్వం పదునారు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో, ఆరు మొదలు ఎనిమిది తరగతుల వరకు, క్రొత్త పద్ధతిలో విజ్ఞానశాస్త్రం బోధించుటకు అనుమతి నిచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు, టాటా సంస్థ శాస్త్రజ్ఞులు తమ పనులు మానుకొని వచ్చి, పల్లెబడి పిల్లల కొరకు పాఠాలు రూపొందించినారు. పెద్ద చదువులవారు ఆరవ తరగతి పాఠం వ్రాయుటకు కూర్చుండుట ఆనాటికి అపూర్వం.

వారి పాఠం ఎట్లుండెడిదో ఒక ఉదాహరణ చెప్పెదను. పిల్లలు నలుగురేసి జట్లుగా విడిపోయి పొలాల గట్లమీదకు పోయెదరు. మొక్కలను వేళ్ళతో సహా పెకలించి తెచ్చెదరు. ఆకులలోని ఈనెలు ఎట్లున్నవి? కొన్నింటిలో ఒకదాని ప్రక్క నొకటి గీతలు గీచినట్లు, కొన్నింటిలో వల అల్లినట్లు. వేళ్ళు ఎట్లున్నవి? కొన్నింటికి నడుమ ఒక తల్లివేరు, కొన్నింటికి కుచ్చువంటి పీచువేళ్ళు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పట్టికలో వ్రాసిన పిమ్మట, ఉపాధ్యాయుడు చెప్పకయే, పిల్లల కంటికి ఒక సంబంధం తోచును: గీతల ఈనెలున్న మొక్కకు పీచువేళ్ళు, వల ఈనెలున్న మొక్కకు తల్లివేరు. అప్పుడు ఇంకొక మొక్కను చూపి, ఆకును మాత్రమే చూచి వేరును చెప్పుమందురు. చెప్పిన తరువాత పెకలించి సరిచూచుకొందురు.

గమనించుడు. ఈ ఒక్క పాఠంలో సేకరణ, పరిశీలన, వర్గీకరణ, పట్టిక వేయుట, ఊహించుట, ఊహను పరీక్షించుట అన్నీ ఉన్నవి. శాస్త్రజ్ఞుడు చేసే పని ఇదే. దీనికి కావలసిన పరికరం పొలంగట్టు.

కొలతలను గురించిన పాఠం ఇంకను విలువైనది. ఒకే బల్ల పొడుగును నలుగురు కొలిచిన యెడల నాలుగు రకాల అంకెలు వచ్చును. మామూలు తరగతిలో ఒకటి ఒప్పు, మూడు తప్పు. కాని ఇక్కడ ఆ హెచ్చుతగ్గులే పాఠం. స్కేలు మొదటి గీత అరిగినదా? చూచిన కన్ను వంకరగా నిలిచినదా? ఎన్నిమారులు కొలిచినను కొంత తేడా మిగిలిపోవునా? తాను చూచినదానిని భయం లేక చెప్పుట, తరువాత దానిని తానే అనుమానించుట, ఈ రెండు గుణాలు పిల్లవానికి ఒక్కసారిగా అలవడును.

అయితే సామగ్రి పంచినంత మాత్రాన ఇది జరుగదని హోషంగాబాదువారు ముందుగానే గ్రహించినారు. అందుచేత మూడింటిని మార్చినారు. మొదటిది పుస్తకం. 'బాల్ వైజ్ఞానిక్' అనే వారి పాఠ్యపుస్తకంలో ప్రశ్నలు, చేయవలసిన పనులు ఉండెడివి గాని సిద్ధాంతాలు ముందుగా వ్రాసి ఉండెడివి కావు. రెండవది ఉపాధ్యాయుడు. వేసవి శిక్షణలో ఉపాధ్యాయులే విద్యార్థుల స్థానంలో కూర్చుండి ఆ ప్రయోగాలను స్వయంగా చేసెడివారు. ఆ తరువాత నెలనెలా సమావేశమై కష్టసుఖాలు చెప్పుకొనెడివారు. మూడవది పరీక్ష. పుస్తకం, నోటుపుస్తకం దగ్గర ఉంచుకొనియే పిల్లలు జవాబులు వ్రాయవచ్చును. ప్రయోగ పరీక్ష వేరుగా ఉండెడిది. జ్ఞాపకశక్తికి మార్కులు లేనప్పుడు బట్టీ పట్టవలసిన అవసరమేమి?

పిల్లలకు వచ్చే సందేహాల కొరకు 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తిని సృష్టించినారు. ఏ ప్రశ్న వ్రాసినను ఆ పేరుతో జవాబు వచ్చెడిది. 1978లో సెలవుపై అక్కడికి వచ్చిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలను జోడించి, రేఖాగణిత ఆకృతులు తయారుచేయు విధానం కనిపెట్టినారు. ఆ ఏడే కార్యక్రమం జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికి వ్యాపించినది. 1982లో దీని బాధ్యత వహించుటకు 'ఏకలవ్య' సంస్థ ఏర్పడినది. పదునారు బడులతో మొదలైనది క్రమంగా ఇతర జిల్లాలలో వేయికి పైగా బడులకు చేరినది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసినది. రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక ఉండవలెనన్నది ఒక వాదం. ఈ పిల్లలు పై తరగతుల పరీక్షలలో వెనుకబడుదురన్నది మరియొక వాదం. తల్లిదండ్రుల ఈ రెండవ భయాన్ని మనం తేలికగా కొట్టివేయరాదు. ఎనిమిదవ తరగతి వరకు 'నీవేమి చూచితివి?' అని అడిగి, తొమ్మిదవ తరగతి నుండి 'పుస్తకంలో ఏమి ఉన్నది?' అని అడిగిన యెడల, నలిగిపోయెడివాడు పిల్లవాడే. సామగ్రి సకాలంలో అందకపోవుట, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు బదిలీ అగుట వంటి చిక్కులు కూడ లేకపోలేదు. కాని ముప్పది సంవత్సరాల పని మంచిచెడ్డలను సరిగా పరీక్షింపకయే ముగించినారని అనేకులు బాధపడినారు. ప్రతి మాటకు ఆధారం చూపుమని పిల్లలకు నేర్పిన కార్యక్రమానికి అటువంటి విచారణ దక్కలేదన్నది వారి ఆవేదన.

కథ అంతటితో ముగియలేదు. ఆ కార్యక్రమానికి తొలినాళ్ళలోనే అండగా నిలిచిన శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన 2005లో రూపొందిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, బడి చదువును బయటి జీవితంతో ముడివేయవలెనని, బట్టీ పద్ధతిని విడనాడవలెనని దేశానికంతకు చెప్పినది. చెప్పుట సులభం. పుస్తకం, ఉపాధ్యాయుడు, పరీక్ష మూడూ కలసి కదలనిదే అది జరుగదని హోషంగాబాదు అనుభవం.

నాలుగవది ఒకటి కలదు. అది మన ఇల్లు. ఇంటిలో పిల్లలున్న యెడల ఈ వారం వారికి ఆకు–వేరు పాఠం అప్పగించి చూడుడు. వరి, జొన్న, తోటకూర, కంది మొక్కలతో నియమం చక్కగా కుదురును. పిదప పెరటిలోని చేమ ఆకును చూపుడు. వల ఈనెలు కనిపించును. తల్లివేరు ఉన్నదని పిల్లవాడు ధైర్యంగా చెప్పును. పెకలించి చూచిన యెడల దుంప, దాని చుట్టును పీచువేళ్ళు! నియమం తప్పినది. వాడు ఆ మట్టిచేతులతో వంటయింటిలోనికి పరుగెత్తుకొని వచ్చినప్పుడు కోపగించుకొనకుడు. జవాబు కూడ వెంటనే చెప్పకుడు. ఏమి చూచినావో చెప్పుమని ముందుగా అడుగుడు.